రెక్క అను పలక: హెలికోనియస్ వర్గీకరణపై ఒక విమర్శ

కొన్ని శాస్త్ర వ్యాసములకు ఒక విచిత్రమైన దురదృష్టము పట్టును. వానిలోని ఒక్క భావము పాఠ్యపుస్తకములకు ఎక్కి, రచయిత పేరుతో ప్రసిద్ధి పొందును. వ్యాసమును మాత్రము ఎవరును చదువరు. హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో లండనులోని లిన్నేయన్ సొసైటీ వారి ప్రచురణలలో వెలువరించిన వ్యాసము అట్టిది. 'బేట్స్ అనుకరణ' అను మాట జీవశాస్త్రము చదివిన వారందరికి తెలియును. తినదగిన సీతాకోకచిలుక, తినరానిదాని వేషము ధరించి పక్షుల బారినుండి తప్పించుకొనుటయే అది. కాని ఆ వ్యాసము అసలు పని అనుకరణను వివరించుట కాదు. అమెజాన్ నదీ ప్రాంతములో దొరకు హెలికోనిడే అను సీతాకోకచిలుకలను వర్గీకరించుటకు బేట్స్ దానిని వ్రాసినాడు. డెబ్బదికి పైగా పుటలున్న ఆ రచనలో సిద్ధాంతమునకు దక్కినది మొదటి భాగము మాత్రమే. తక్కినదంతయు జాతుల వర్ణనము.

సిద్ధాంతము గెలిచినది. మరి వర్గీకరణ సంగతి ఏమైనది? ఈ ప్రశ్న వేసికొన్న పాఠకునకు ఒక వింత కనిపించును. సీతాకోకచిలుక రెక్క మోసము చేయగలదని లోకమునకు మొట్టమొదట నిరూపించినవాడు బేట్స్. అయినను, ఏది జాతి, ఏది కాదు అని తేల్చవలసి వచ్చినపుడు ఆ రెక్క సాక్ష్యమునే ఆయన నమ్మినాడు. ఈ పొరపాటు ఆయనతో అంతము కాలేదు. తరువాతి నూట అరువది సంవత్సరముల హెలికోనియస్ వర్గీకరణ చరిత్ర చాలవరకు ఈ ఒక్క తప్పును దిద్దుకొనిన చరిత్రయే.

పేరు పుట్టిన విధము

1758లో లిన్నేయస్ సీతాకోకచిలుకలన్నిటిని పాపిలియో అను ఒకే ప్రజాతిలో చేర్చి, వానిని కొన్ని దండులుగా విభజించినాడు. అందొక దండునకు హెలికోనీ అని పేరు పెట్టినాడు. హెలికాన్ అనునది గ్రీసు దేశములో కళాదేవతలు నివసించునని చెప్పబడిన పర్వతము. అందుచేత ఆ దండులోని వానికి మెల్పొమెనీ, ఎరాటో మొదలైన కళాదేవతల పేర్లు లభించినవి. పేర్లు మనోహరములే, కాని సమూహము మాత్రము రెక్కల ఆకారమును చూచి కూర్చినది. ఐరోపా కొండలలో తిరుగు అపోలో సీతాకోకచిలుకను కూడ లిన్నేయస్ ఇందులోనే చేర్చినాడు. దానికిని అమెరికా హెలికోనియస్‌లకును దగ్గర సంబంధమేమియు లేదు. 1780లో పోలెండు దేశీయుడైన క్లూక్ హెలికోనియస్‌ను ప్రత్యేక ప్రజాతిగా నిలిపినాడు.

ప్రజాతి అనగా దగ్గర బంధువులైన జాతులను ఒక పేరు క్రింద చేర్చిన సమూహము. శాస్త్రనామములో ముందు ప్రజాతి పేరు, తరువాత జాతి పేరు వచ్చును. ఈ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. మనమును ఇంటిపేరు ముందు చెప్పి, సొంత పేరు తరువాత చెప్పుదుము గదా! ఇంటిపేరు విషయములో మనకున్న అనుభవము ఇక్కడ కూడ పనికివచ్చును. ఇంటిపేరు కలిసినంత మాత్రమున ఇద్దరు చుట్టములు కానక్కరలేదు. దగ్గర చుట్టములకు ఇంటిపేర్లు వేరుగా ఉండవచ్చును. ముఖపోలికను బట్టి ఇంటిపేరు నిర్ణయింప బూనుకొన్నచో ఏమగునో, రెక్కను బట్టి ప్రజాతిని నిర్ణయించినపుడు అదియే జరిగినది.

నేటి లెక్క ప్రకారము హెలికోనియస్‌లో నలుబదికి పైగా జాతులు కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణపు అంచునుండి ఉత్తర అర్జెంటీనా వరకు ఇవి వ్యాపించి ఉన్నవి. మన దేశములో ఈ ప్రజాతి లేదు. ముందు రెక్కలు పొడవుగా, సన్నగా ఉండును. నలుపు మీద ఎరుపు, పసుపు, తెలుపు, నీలము రంగుల పట్టీలు కొట్టవచ్చినట్లు కనిపించును. దేహములో సయనైడును పుట్టించు విషపదార్థములుండుటచే పక్షులు వీనిని ముట్టవు. కావుననే ఇవి తొందరలేకుండ, మెల్లగా ఎగురును. గొంగళిపురుగులు పాసిఫ్లోరా తీగల ఆకులను తిని పెరుగును.

బేట్స్ చూచినది, చూడనిది

బేట్స్ విశ్వవిద్యాలయములలో చదివినవాడు కాడు. లెస్టరు నగరములో మేజోళ్ళ వర్తకుని వద్ద పని నేర్చుకొన్న కుర్రవాడు. 1848లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేస్‌తో కలిసి అమెజాన్ చేరి, వాలేస్ 1852లో వెళ్ళిపోయిన తరువాత కూడ అక్కడనే ఉండి, 1859లో స్వదేశమునకు మరలినాడు. పదునొకండు సంవత్సరములు అడవులలో స్వయముగా తిరిగి చూచినవాని మాటకు ఒక బరువు ఉండును. అతనిని విమర్శించువారు ఈ సంగతి మరువరాదు.

మొదట అతని ఘనతను చెప్పవలెను. అమెజాన్ హెలికోనిడే ఒకే కుటుంబమని నాటి పండితుల అభిప్రాయము. బేట్స్ ఆ పేరును ఉంచినను, అందులో రెండు వేర్వేరు తెగలున్నట్లు స్పష్టముగా గుర్తించినాడు. ఒక తెగ డానయిడ్‌లను పోలినది. ఇథోమియా మొదలైనవి ఇందులోనివి. రెండవ తెగ అక్రియా అను ప్రజాతిని పోలినది. హెలికోనియస్, దాని సోదరి యూయిడిస్ ఇందులోనివి. ఈ రెండు తెగల రెక్కలు ఎంత పోలియున్నను, శరీర నిర్మాణము వేరని ఆయన గ్రహించినాడు. నేటి వర్గీకరణ దీనిని పూర్తిగా సమర్థించుచున్నది. ఇథోమియా బృందము డానయిడ్‌ల ఉపకుటుంబములో చేరినది. హెలికోనియస్, అక్రియా రెండును మరియొక ఉపకుటుంబములో కలిసియున్నవి. జన్యువులను చదువు విద్య పుట్టుటకు శతాబ్దమునకు పైగా ముందే చేసిన ఈ విభజన సామాన్యమైనది కాదు.

కాని బేట్స్ అతుకును చూచియు గుడ్డను విడదీయలేదు. రెండు తెగలను హెలికోనిడే అను ఒకే మూటలో ఉంచినాడు. రెండు తెగలును తినరానివే. అయినను ఒకే అడవిలో ఒకే రంగులు ఎందుకు ధరించుచున్నవి? తినదగినది తినరానిదానిని అనుకరించుట ఆయన సిద్ధాంతము. తినరానిది మరియొక తినరానిదానిని అనుకరింపవలసిన పని యేమి? ఇక్కడ ఆయన సిద్ధాంతము ఆగిపోయినది. ఆ ప్రదేశపు పరిస్థితులు ఒకే విధముగా ప్రభావము చూపుటచే ఇట్లు జరిగి యుండవచ్చునని చెప్పి విడిచినాడు. అది సమాధానము కాదు. సమాధానమునకు బదులు నిలిపిన మాట.

జాతుల విషయములో పొరపాటు ఇంకను స్పష్టముగా కనిపించును. 1863లో ప్రచురించిన 'ది నేచురలిస్ట్ ఆన్ ది రివర్ అమెజాన్స్' అను గ్రంథములో ఆయన రెండు సీతాకోకచిలుకలను పోల్చినాడు. ఓబిడోస్ ప్రాంతపు మెల్పొమెనీకి నల్లని ముందు రెక్కపై పెద్ద ఎర్రని మచ్చ ఉండును. థెల్క్సియోపె అని పిలిచిన రెండవదానికి వెనుక రెక్కలపై ఎర్రని కిరణములు వ్యాపించి ఉండును. రెండింటి నడుమ అడవులలో మధ్యరకములు అనేకములు దొరకినవి. బేట్స్ వీనిని రెండు నిజమైన జాతులుగా నిర్ణయించి, మొదటిదానినుండి రెండవది పుట్టినదనియు, మధ్యరకములు ఆ మార్పునకు మెట్లనియు భావించినాడు. డార్విను సిద్ధాంతమునకు కన్నులయెదుటి సాక్ష్యము దొరకినదని ఆయన ఉత్సాహము. నేటి నిర్ణయము వేరు. ఆ రెండును మెల్పొమెనీ జాతియొక్క ఉపజాతులే. మధ్యరకములు పరిణామపు మెట్లు కావు. రెండు ఉపజాతులు సరిహద్దులో కలిసికొనగా పుట్టిన సంకరములు. రంగు మారగానే జాతి మారినదని అనుకొనుటయే ఇక్కడి తప్పు.

ఆ గ్రంథములోనే బేట్స్ సీతాకోకచిలుక రెక్కను పలకతో పోల్చినాడు. జాతుల మార్పును ప్రకృతి ఆ పలకమీద వ్రాయునని ఆయన అభిప్రాయము. ఉపమానము చక్కనిది. అయితే బడిపంతులుకు తెలిసిన ఒక సంగతి ఇందులో లోపించినది. రెండు పలకలమీద ఒకే జవాబు కనిపించినచో దానికి కారణము ఒకటే కానక్కరలేదు. ఇద్దరికి ఒకే తండ్రి నేర్పియుండవచ్చును. ఒకనిది చూచి మరియొకడు వ్రాసియుండవచ్చును. లేదా, ఒకని పలకనే మరియొకడు ఎరువు తెచ్చుకొని యుండవచ్చును. హెలికోనియస్‌లో ఈ మూడును జరిగినవి. వారసత్వము, అనుకరణ, ఎరువు అను ఈ మూడింటిని వేరుచేయుటయే వర్గీకరణ చేయువాని పని.

ముల్లర్ లెక్క

బేట్స్ విడిచిన ముడిని 1879లో ఫ్రిట్జ్ ముల్లర్ విప్పినాడు. ఇతడు బ్రెజిల్‌లో స్థిరపడిన జర్మను ప్రకృతి పరిశోధకుడు. ఆయన సాధనము చిన్న అంకగణితము. తినరాని జాతులు రెండు ఒకచోట ఉన్నవనుకొందము. ఒకదానిలో 10,000, మరియొకదానిలో 2,000 సీతాకోకచిలుకలు కలవు. చిన్న పక్షులు ఒక రంగు చేదని నేర్చుకొనుటకు 1,200 సీతాకోకచిలుకలు బలియగునని అనుకొందము. రంగులు వేరైనచో ప్రతి జాతియు 1,200 వంతున నష్టపోవును. రంగు ఒకటే అయినచో ఆ 1,200 నష్టమును రెండును పంచుకొనును. పెద్ద జాతి 1,000, చిన్న జాతి 200 మాత్రమే కోల్పోవును. పెద్ద జాతికి మిగిలినది 200, అనగా నూటికి 2 వంతులు. చిన్న జాతికి మిగిలినది 1,000, అనగా నూటికి 50 వంతులు. ఇద్దరికి లాభమే; చిన్నవానికి ఇరువదియైదు రెట్లు ఎక్కువ లాభము.

ఈ లెక్క సిద్ధాంతముగా ఎంత విలువైనదో, వర్గీకరణకు హెచ్చరికగా అంతకంటె విలువైనది. ఒకే అడవిలో ఉన్న తినరాని జాతులు బంధుత్వముతో నిమిత్తము లేకుండ ఒకే రంగునకు చేరునని దీని అర్థము. అనగా హెలికోనియస్ రెక్కమీది రంగు, ఆ ప్రాణి ఎవరికి పుట్టినదో చెప్పదు. ఎవరి ప్రక్కన నివసించుచున్నదో చెప్పును. పొరుగును గూర్చి అడిగినచో అది నిజాయితీగల సాక్షి. పుట్టుకను గూర్చి అడిగినచో దాని మాట చెల్లదు.

మెల్పొమెనీ, ఎరాటో అను జంట దీనికి ఉత్తమమైన ఉదాహరణ. మధ్య అమెరికానుండి దక్షిణ బ్రెజిల్ వరకు ఈ రెండు జాతులును ప్రాంత ప్రాంతమునకు వేషము మార్చుచున్నవి. ఒకచోట రెండింటికి ఎర్రని పట్టీ. మరియొకచోట రెండింటికి ఎర్రని కిరణములు. ఒకేచోట పట్టిన రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచినచో అలవాటులేని కన్ను భేదమును కనిపెట్టలేదు. కాని ఈ రెండింటి వంశములు విడిపోయి సుమారు ఒక కోటి సంవత్సరములు అయినదని అంచనా. దూరపు ఊళ్ళలోని రెండు ఎరాటోలు ఒకదానినొకటి పోలవు. ఒకే ఊరిలోని ఎరాటో, మెల్పొమెనీలు కవలలవలె ఉండును. రెక్కను బట్టి పేర్లు పెట్టినవారు సోదరులను విడదీసి పరాయివారిని కలిపినారనుటలో ఆశ్చర్యమేమి?

రెక్క చెప్పని సంగతులు

ఈ చిక్కునుండి బయటపడు మార్గము, రంగులతో సంబంధములేని లక్షణములను వెదకుట. 1916లో ఎల్‌ట్రింగ్‌హామ్ మగవాని జననాంగముల నిర్మాణమును పరిశీలించి, వేరుగా ఉంచిన అనేక రూపములను సరియైన జాతుల క్రిందికి తెచ్చినాడు. 1942లో మిచెనర్ ఈ ఉపకుటుంబపు ప్రజాతులనన్నిటిని పునఃపరిశీలించినాడు. 1965లో ఎమ్స్‌లీ రూపనిర్మాణము, భౌగోళిక వ్యాప్తి రెండింటిని జోడించి మెల్పొమెనీ, ఎరాటోల ఉపజాతులను చక్కదిద్దినాడు.

ఇంతకంటె ముఖ్యమైన పని ట్రినిడాడ్ దీవిలో జరిగినది. అక్కడ విలియం బీబ్ నెలకొల్పిన పరిశోధన కేంద్రము పేరు సిమ్లా. బీబ్, జోసెలిన్ క్రేన్, ఫ్లెమింగ్ కలిసి ఈ బృందములోని 14 జాతుల గ్రుడ్లను, గొంగళిపురుగులను, కోశములను పోల్చి 1960లో ప్రకటించినారు. పక్షులకు రెక్కల ద్వారా ఇచ్చు హెచ్చరికతో గ్రుడ్డునకు గాని, గొంగళిపురుగునకు గాని నిమిత్తము లేదు. కనుక అవి స్వతంత్ర సాక్షులు. రెక్కలలో కవలలైన మెల్పొమెనీ, ఎరాటోలకు పెండ్లి పద్ధతియే వేరు. ఎరాటో బృందములో మగది కోశమును వెదకి పట్టి, దానిమీద కాపుండి, ఆడది కోశమునుండి వెలువడు సమయముననే దానితో జతకూడును. మెల్పొమెనీ మగది ఎగురుచున్న ఆడదానిని వెదకుకొనును. ఇట్టి భేదము మ్యూజియపు పెట్టెలో సూదికి గుచ్చిన రెక్కలలో కనిపించునా? అడవిలో కూర్చుండి చూచినవానికే కనిపించును.

ఈ దశలోని వర్గీకరణను నేను హెలికోనియస్ చరిత్రలో ఉత్తమ దశగా భావింతును. ఆ పరిశోధకుల వద్ద గొప్ప యంత్రములు లేవు. కాని ఒక లక్షణము చెప్పినదానిని మరియొక లక్షణముతో సరిచూచుకొను ఓపిక ఉండెను.

నెరూడా కథ

ఒక ప్రజాతి పేరు మారినంత మాత్రమున ఎవరికి ఏమి నష్టమని పాఠకులు అడుగవచ్చును. దానికి సమాధానముగా ఒక కథ చెప్పవలెను.

1972లో లారెన్స్ గిల్బర్ట్ హెలికోనియస్‌ల ఆహారమును గూర్చి ఒక సంగతి వెల్లడించినాడు. సీతాకోకచిలుకలు సామాన్యముగా మకరందమును మాత్రము త్రాగి, కొన్ని వారములకే మరణించును. హెలికోనియస్‌లు పుప్పొడిని కూడ ఆరగించును. దోస, దొండల కుటుంబమునకు చెందిన అడవితీగల పూలనుండి పుప్పొడిని తొండముమీదికి చేర్చుకొని, లాలాజలముతో నానబెట్టి, అందులోని అమైనో ఆమ్లములను పీల్చుకొనును. ఆ బలముతో ఆడది నెలల తరబడి గ్రుడ్లు పెట్టును. ఆయుర్దాయము ఆరు నెలల వరకు సాగును. ప్రతిదినము అవే తీగలను క్రమము తప్పక దర్శించుటకు తగిన జ్ఞాపకశక్తి కూడ వీనికి కలదు. ఇది సీతాకోకచిలుకల లోకములో అపూర్వమైన జీవన విధానము.

కాని అయోడే అను జాతియు, దాని దగ్గర బంధువులును పుప్పొడి తినవు. ఈ చిన్న బృందమునకు 1976లో జాన్ టర్నర్, కవి పాబ్లో నెరూడాను స్మరించుచు, నెరూడా అను పేరు పెట్టినాడు. కళాదేవతల పేర్లుగల వంశములో కవికి స్థానము దొరకుట సముచితమే. అట్లే డోరిస్ అను జాతిని లాపరస్ అను పాత పేరుతో వేరు ప్రజాతిగా నిలుపు వాడుకయు ఉండెను.

ఇప్పుడు ప్రశ్నను గమనింపుడు. నెరూడా హెలికోనియస్‌కు వెలుపలి శాఖ అయినచో, పుప్పొడి తినుట ఒక్కసారి పుట్టి, అందరికి వారసత్వముగా వచ్చినదని చెప్పవచ్చును. నెరూడా హెలికోనియస్ నడిమి కొమ్మలలో ఒకటి అయినచో, ఆ అలవాటు వచ్చి పోయినదని గాని, రెండుసార్లు పుట్టినదని గాని చెప్పవలెను. అంత మేలైన అలవాటు ఎందుకు పోయినది అను కొత్త ప్రశ్న లేచును. పేరు వెనుక ఇంత సంగతి దాగియున్నది.

2007లో బెల్ట్రాన్, ఆమె సహచరులు కొన్ని జన్యువులను పోల్చి నెరూడా, లాపరస్ రెండును హెలికోనియస్ నడుమనే ఉన్నవని చెప్పినారు. 2015లో కోజాక్, ఆయన సహచరులు మరికొన్ని జన్యువులు చేర్చి అదే నిర్ణయమునకు వచ్చి, ఆ రెండు పేర్లను తొలగింపవలెనని సూచించినారు. వారి తర్కము నిర్దుష్టము. ఒక తాత మనుమలందరికి ఒక ఇంటిపేరు ఉన్నపుడు, నడిమి కొడుకు పిల్లలను మాత్రము వేరు పేరుతో పిలిచినచో వంశవృక్షము చీలిపోవును. కాని 2023లో 58 జాతుల సంపూర్ణ జన్యు సంపుటములను పోల్చిన అధ్యయనము అయోడేను తక్కిన హెలికోనియస్‌లన్నిటికి వెలుపలి శాఖగా చూపినది. పుప్పొడి అలవాటు ఒకేసారి పుట్టినదను సరళమైన కథకు మరల బలము చేకూరినది.

అట్లయిన నెరూడాను తిరిగి ప్రజాతిగా నిలుపవలెనా? వంశవృక్షము దృష్టిలో రెండు విధములును చెల్లును. వెలుపలి శాఖను కలుపుకొన్నను, విడిచినను వంశము చీలదు. ఇట్టి సందర్భములో పేరును కదపకుండుటయే మేలని నా అభిప్రాయము. ఎనిమిది సంవత్సరములలో ఒక కొమ్మ లోపలినుండి వెలుపలికి వచ్చినది. సాక్ష్యము పెరిగినకొలది వృక్షము మారుట శాస్త్రమునకు ఆరోగ్యము. కాని ప్రతి మార్పునకు పేరు మార్చినచో పాత గ్రంథములను, మ్యూజియముల చీటీలను చదువుట అసాధ్యమగును. డోరిస్ విషయములో ఇట్టి సందేహము కూడ లేదు. అది పుప్పొడి తినునదే, హెలికోనియస్ నడిమి శాఖలోనిదే. లాపరస్ అను పేరు విశ్రాంతి తీసికొనవచ్చును.

ఎరువు తెచ్చిన రంగులు

జన్యుశాస్త్రము వచ్చిన తరువాత వర్గీకరణ చిక్కులన్నియు తీరిపోయినవని కొందరు వ్రాయుచున్నారు. హెలికోనియస్ చరిత్ర దీనిని అంగీకరింపదు.

2011లో ఆప్టిక్స్ అను ఒక జన్యువు హెలికోనియస్ రెక్కలమీది ఎరుపును శాసించునని తేలినది. ఎరాటోలోను, మెల్పొమెనీలోను ఎరుపునకు అధికారి ఈ ఒక్కటే. అయితే దానిని నడుపు మీటలు ఆ రెండింటిలో వేర్వేరుగా పుట్టినవి. ఇది నిజమైన అనుకరణ. 2012లో మెల్పొమెనీ జన్యు సంపుటమును ప్రచురించిన శాస్త్రజ్ఞుల బృందము మరియొక ఆశ్చర్యమును బయటపెట్టినది. మెల్పొమెనీ, టిమరేటా, ఎలివేటస్ అను జాతులలో రంగుల జన్యుభాగములు పోలియుండుటకు కారణము అనుకరణ కాదు. జాతుల నడుమ అరుదుగా జరిగిన సంకరముల ద్వారా ఆ భాగములే చేతులు మారినవి. న్యూమాటా జాతిలో రంగులను శాసించు క్రోమోసోము భాగము తలక్రిందులై యున్నది. అదియు పార్డాలినస్‌నుండి సంకరము ద్వారా సంక్రమించినదని 2018లో చూపినారు.

2024లో ప్రకటించిన ఎలివేటస్ వృత్తాంతము ఈ వ్యాసములోని వాదమునకు పరాకాష్ఠ. ఈ జాతి జన్యు సంపుటములో 99 శాతము పార్డాలినస్‌తో ఏకమై ఉన్నది. మిగిలిన 1 శాతము మెల్పొమెనీనుండి వచ్చినది. ఆ ఒక్క శాతములోనే రెక్కల రంగు, ఆకారము, గ్రుడ్లు పెట్టుటకు ఎన్నుకొను తీగ, జతను ఎన్నుకొను విధము ఇమిడియున్నవి. కనీసము 1,80,000 సంవత్సరములుగా ఇది తల్లిదండ్రులిద్దరి నడుమ ప్రత్యేక జాతిగా నిలిచియున్నది. రెక్కను మాత్రము చూచువాడు దీనిని మెల్పొమెనీ ప్రక్కన ఉంచును. 99 శాతము జన్యువులు పార్డాలినస్ ప్రక్కన ఉంచును. కాని ఇది జాతిగా విడిపోయి నిలుచుటకు కారణము ఆ ఒక్క శాతమే.

కనుక జన్యువు కూడ ఒక పలకయే. దానిమీద వ్రాసినదియు ఎరువు కావచ్చును. 2019లో 20 జన్యు సంపుటములను పోల్చినపుడు ఒక్కొక్క భాగము ఒక్కొక్క విధమైన వంశవృక్షమును చూపినది. శాస్త్రజ్ఞుడు ఎక్కువ భాగములు చెప్పినదానిని వినుటయే గాక, మిగిలినవి ఎందుకు వేరుగా చెప్పుచున్నవో కూడ విచారింపవలెను. లిన్నేయస్ నాటి పద్ధతి ప్రతి ప్రాణికి ఒకే పుట్టినిల్లు ఉన్నదని భావించును. ఎలివేటస్‌కు పుట్టినిళ్ళు రెండు. పద్ధతిలోని ఈ లోపమును ఒప్పుకొని దానిని వాడుకొనవలెను గాని, లోపము లేదని నటింపరాదు.

తీర్పు

ఈ దృష్టితో బేట్స్ వ్యాసమును మరల తెరచినచో ఆయన పై గౌరవము తగ్గదు. అక్రియా బంధుత్వము విషయములో ఆయన శరీర నిర్మాణమును నమ్మినాడు. ఆ తీర్పు నేటికిని నిలిచియున్నది. మెల్పొమెనీ, థెల్క్సియోపె విషయములో రెక్కను నమ్మినాడు. ఆ తీర్పు నిలువలేదు. ఒకే మనిషి, ఒకే అడవి, ఒకే ప్రాణులు. సాక్షిని ఎన్నుకొనుటలోనే తేడా వచ్చినది. ఏ సాక్షిని ఏ ప్రశ్న అడుగవలెనో తెలియుటయే వర్గీకరణశాస్త్రములోని అసలు వివేకము.

ఆ అక్రియా బంధువు మనకును దూరము కాదు. అమెరికానుండి వచ్చి మన కంచెలపై, చేలగట్లపై అల్లుకొన్న తెల్లజుమికి తీగను చూడుడు. కాయ చుట్టును మెత్తని వల వంటి తొడుగు ఉండును. ఇది పాసిఫ్లోరా ప్రజాతిలోనిదే. దాని ఆకులమీద ముళ్ళ వెండ్రుకలుగల ముదురు ఎరుపు గొంగళిపురుగులు తరచుగా కనిపించును. వానినుండి వెలువడునది నారింజ రంగు రెక్కలపై నల్లని చుక్కలుగల అక్రియా. దాని జాతినామము టెర్ప్సికోర్, అదియు కళాదేవత పేరే. పట్టుకొన్నచో పసుపుపచ్చని ద్రవము కార్చును. విడిచినచో తొందరపడక మెల్లగా ఎగిరిపోవును. దాని రెక్కలకును హెలికోనియస్ రెక్కలకును పోలిక లేదు. కాని ముళ్ళుగల గొంగళిపురుగు, తినెడి తీగ, దేహములోని విషము, ఈ మూడును బంధుత్వమును చాటుచున్నవి.

కళాశాలలలో సీతాకోకచిలుకలను సేకరించు విద్యార్థులు రెక్కలను పరచి, సూది గుచ్చి, పేరు వ్రాసి తృప్తిపడుదురు. ఆ చీటీమీద మరి నాలుగు మాటలు వ్రాయుట అలవాటు చేసికొనవలెను: ఎక్కడ దొరకినది, ఏ దినమున, గొంగళిపురుగు ఏ మొక్కను తినుచుండెను, కోశము ఎట్లుండెను. ఆ నాలుగు మాటలు లేని రెక్క ఎంత అందమైనదైనను సగము సాక్ష్యమే.